ఇరవై అయిదు వాట్ల గొంతు

"గొంతు పెంచాలి బాబాయ్," అన్నాడు అంకమ్మరావు, గోనెసంచిలోంచి వైర్‌లెస్ సెట్టు తీసి బల్ల మీద పెడుతూ. దాని వెనకే ఇటుకంత నల్లపెట్టె ఒకటి తీసి, పసిపిల్లాడి నెత్తి నిమిరినట్టు నిమిరాడు. "బూస్టరు. చెన్నై నుంచి తెప్పించా. వంద వాట్లంట. సెట్టుకీ ఏరియల్‌కీ మధ్యన కలిపితే చాలంట."

"ఎవరు చెప్పారు?"

"అమ్మినోడు."

"మరి వద్దని చెప్తాడా అమ్మినోడు!"

ఖాజావలి కళ్ళద్దాలు దించుకుని ముందు మనిషిని చూశాడు, తర్వాత పెట్టెను చూశాడు. చీరాల మార్కెట్ సందులో ముప్ఫై ఎనిమిదేళ్ళుగా రిపేరు షాపు నడుపుతున్నాడాయన. రేడియోలు పోయి టేప్‌రికార్డర్లు వచ్చాయి, అవి పోయి టీవీలు వచ్చాయి, అవీ పోయాక వాడరేవు బోట్ల సెట్లు ఆయన బల్ల మీదికి చేరాయి. వస్తువులు మారాయి గాని జనం తీరు మారలేదు. వచ్చినవాడు జబ్బు చెప్పడు, మందు పేరు చెప్తాడు.

ఆయన సెట్టును బ్యాటరీకి కలిపి, వెనకాల మీటరు తగిలించి, మైకు నొక్కాడు. సూది లేచి ఇరవై అయిదు దగ్గర బుద్ధిగా నిలబడింది. ఇంకోసారి నొక్కాడు. మళ్ళీ అక్కడే నిలబడింది.

"నీ సెట్టు గుండ్రాయిలా ఉందిరా. దీనికి జబ్బేం లేదు."

"మరి నా మాట ఒడ్డుకి చేరదేం?"

ఆ ప్రశ్న వెనకున్న సంగతి వాడరేవులోనే కాదు, చీరాల చేపల మార్కెట్లో కూడా అందరికీ తెలుసు. పోయిన నెల ఒకనాడు పొద్దున్నే, ఒడ్డుకు పద్దెనిమిది కిలోమీటర్ల దూరాన అంకమ్మరావు ఫైబర్ బోటు ఇంజను ఆగిపోయింది. మిగతా బోట్లన్నీ ఆ రోజు ఉత్తరానికి పోయాయి. సెల్‌ఫోనుకు అక్కడ సిగ్నల్ ఉండదు. పొద్దు వాలేదాకా ఒక్కడే కూర్చుని మైకులో పిలుస్తూనే ఉన్నాడు. ఒడ్డు మీద వాళ్ళ వరసలో ఏడిళ్ళకూ కలిపి ఒకటే సెట్టు. అది అతని ఇంటి వసారాలోనే ఉంటుంది. దాని ముందు కూర్చుని ఏడు బోట్ల మాటా వినేది అతని పెళ్ళాం సామ్రాజ్యం. ఆ రోజు ఆమెకు ఒక్క మాటా వినపడలేదు. చివరికి దారిన పోతున్న పెద్ద బోటువాళ్ళు చూసి, తాడు కట్టి లాక్కొచ్చారు. మనిషి దక్కాడు, అదే పదివేలు అన్నారు అందరూ. ఆ నోటితోనే ఇంకో మాట కూడా అన్నారు. సామ్రాజ్యం సెట్టు ముందు కునుకు తీసిందని.

"చూడు అంకమ్మరావూ," అన్నాడు ఖాజావలి. "చట్టం నీకిచ్చింది ఇరవై అయిదు వాట్లు. నువ్వు వంద పెట్టి అరిచావనుకో, అదే ఛానల్లో ఇంకో చిన్న బోటువాడి మాట నీ మాట కింద పడి నలిగిపోతుంది. వాడు మునిగిపోతూ పిలిచినా ఒడ్డున ఎవరికీ వినపడదు. మొన్న నువ్వు పడ్డ బాధే ఇంకోడికి పెడతావా?"

అంకమ్మరావు తల దించుకున్నాడు.

"జబ్బు సెట్టులో లేదు, బోటు మీద ఉంది. శనివారం వచ్చి చూస్తా. సెట్టు లేకుండా అప్పటిదాకా వేటకి పోకు."

"బోటు కాడికెందుకు బాబాయ్!" అతను ఉలిక్కిపడ్డట్టు తలెత్తాడు. "ఆ ఎండలో నీకెందుకు శ్రమ? నువ్వు దీన్ని కలిపియ్యి, నే తగిలించుకుంటా."

"మెకానిక్కుని రావద్దన్న గిరాకీని ఇన్నేళ్ళలో నిన్నే చూశానురా."

అంకమ్మరావు బూస్టరును సంచిలో పెట్టుకుని, సెట్టును వదిలేసి వెళ్ళిపోయాడు.

*

శనివారం ఖాజావలి స్కూటరు మీద వాడరేవు చేరేసరికి ఇసుక మీద కానాగంత చేపలు ఎండబెట్టి ఉన్నాయి. అంకమ్మరావు వల సామాను కోసం చీరాల వెళ్ళాడట. తను వస్తానని చెప్పిన రోజే, చెప్పిన వేళకే అతనికి చీరాలలో పని పడటం ఖాజావలికి నచ్చలేదు.

వసారాలో సరుగుడు బాదుకు ఆనించిన చెక్కబల్ల మీద ఒడ్డు సెట్టు గురగురమంటోంది. దాని ముందు సామ్రాజ్యం కూర్చుని ఉంది. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. కళ్ళ కింద నల్లగా చారలు కట్టాయి. పక్కన నులకమంచం మీద ఆ వరసకంతటికీ పెద్దదిక్కయిన పోలమ్మ విసనకర్ర పట్టుకుని కూర్చుంది. విసురుకుంటూ విసురుకుంటూ, మధ్యలో ఆ కర్ర తిరగేసి సామ్రాజ్యం డొక్కలో పొడిచింది.

"ఏయ్, మేలుకునే ఉండావా?"

"ఉన్నా పెద్దమ్మా."

ఆ పొడవడంలో కోపం లేదు. దూడను తోలినట్టు, అలవాటుగా పొడిచింది. అందుకే ఖాజావలి ప్రాణం ఎక్కువ చివుక్కుమంది. సెట్టు పక్కన సాసరులో నాలుగైదు పచ్చిమిరపకాయలున్నాయి, ఒక్కోటీ సగం కొరికి.

"అవేంటమ్మా?"

"రెప్ప వాలతదనిపిస్తే కొరుకుతా బాబాయ్ గారూ," అంది సామ్రాజ్యం, సిగ్గుపడుతూ. "ఆ రోజు కూడా నేను నిద్రపోలేదనే అనుకుంటన్నా. కానీ తెల్లారుజామున మూడింటికి లేచినదాన్ని. ఇంతమంది అంటంటే ఏమో, రెప్ప వాలిందేమో, నాకే తెలవకుండా."

ఖాజావలి సాసరు మీంచి చూపు తిప్పుకున్నాడు. "పద, బోటు చూపించు," అన్నాడు.

ఆమె పోలమ్మకు సెట్టు అప్పజెప్పి, గుమ్మం పక్క మేకుకు తగిలించి ఉన్న దండ తీసుకుని బయల్దేరింది. ఇనుపతీగకు గుచ్చిన రెండు నిమ్మకాయలు, ఏడు పచ్చిమిరపకాయలు, కింద ఒక బొగ్గుముక్క. దిష్టి దండ. "ఇంతకుముందు శనివారాలే కట్టేదాన్ని, ఒకటే కాయ. ఆ రోజు నుంచి రెండు కాయలు, మంగళవారం కూడా కడతన్నా," అంది. మిగతా బోట్లకు ఆ దండ ముందు కొసకు వేలాడుతోంది. అంకమ్మరావు బోటుకు మాత్రం నడిమధ్య గొట్టం పైన, ఏరియల్ మొదట్లో వేలాడుతోంది. బోటు మొత్తానికి ఎత్తయిన చోటు అదే.

ఖాజావలి మోకాళ్ళు పట్టుకుంటూ బోటు ఎక్కాడు. వైరు ఏరియల్‌లోకి దూరే అతుకు సరిగ్గా ఆ వాడిపోయిన దండ కిందే ఉంది. టేపు విప్పాడు. లోపల ఇత్తడి కనెక్టరు పచ్చటి చిలుము పట్టి, ముట్టుకుంటే పొడిపొడిగా రాలింది. ఎవరో దాన్ని కత్తితో గీకిన గీతలు కూడా కనిపించాయి. ఇంకాస్త విప్పాడు. జిగురు జిగురుగా ఉన్న బంక మధ్యలో, రెండు మిరపగింజల పక్కన, ఒక నిమ్మగింజ.

ఆయన దాన్ని చటుక్కున గుప్పిట్లో దాచాడు.

వారానికోసారి ఒక కాయ, ఆ పైన వారానికి రెండుసార్లు రెండేసి కాయలు. తీగ గుచ్చిన చోటు నుంచి రసం కారి, దానికి సముద్రపు ఉప్పుగాలి తోడై, నెలల తరబడి ఆ అతుకును తినేసింది. సెట్టులోంచి బయల్దేరిన ఇరవై అయిదు వాట్లూ అక్కడిదాకా వచ్చి, దారి లేక వెనక్కి పోతున్నాయి. వంద తోసినా అంతే. మూసిన తలుపు మీద నీళ్ళు కొడితే కొట్టినవాడే తడుస్తాడు, ఆ నల్లపెట్టె కాస్తా మొదటిరోజే కాలిపోయేది.

"దొరికిందా బాబాయ్ గారూ?" కింద నుంచి అడిగింది సామ్రాజ్యం. మొహంలో ఎక్కడలేని ఆశ.

"ఉప్పమ్మా. ఉప్పు తినేసింది. దగ్గర్లో పలుకుతుంది, దూరం పోదు. ఆ రోజు నీ తప్పేం లేదు."

ఆ మాట ఆమె వెంటనే వసారాకు మోసుకుపోయింది. ఖాజావలి వెనకే నడిచాడు. పోలమ్మ విసనకర్ర ఆపకుండానే తీసిపారేసింది. "ఉప్పు నీ మొగుడి బోటుకే ఉందంటే? ఏడు బోట్లకీ ఒకటే సముద్రం. మావోడి మాట ఇనపడతల్లా? మర్నాడు అంకమ్మరావు అదే సెట్టులో పలకలా? సాయిబు మంచోడు గనక నీ మొహం చూసి అట్టా అన్నాడులే."

సామ్రాజ్యం మొహంలో వెలిగింది కాస్తా ఆరిపోయింది. పోలమ్మ తర్కంలో ఖాజావలికి తప్పు దొరకలేదు. ఉప్పు అన్ని బోట్లకూ ఒకటే, నిమ్మరసం ఈ ఒక్క బోటుకే. ఆమె కళ్ళు తప్పు చెయ్యలేదని చెప్పాలంటే చేతులు చేశాయని చెప్పాలి.

ఆయన చూస్తుండగానే సామ్రాజ్యం బోటు దగ్గరికి తిరిగొచ్చి, పాత దండ విప్పి, కొత్తది అక్కడే కట్టింది. ముడి వేస్తూ కళ్ళు మూసుకుని ఏదో మొక్కుకుంది. రేపు కొత్త వైరు తెస్తానని మాత్రం చెప్పి ఖాజావలి స్కూటరు ఎక్కాడు.

*

ఖాజావలి ఇంటి ముందు చాప మీద ఆయన భార్య నసీమున్నీసా ఏడాదికి సరిపడా మిరపకాయలు పోసుకుని తొడిమలు తీస్తోంది. పర్చూరులో ఉన్న ఆమె తమ్ముడు పంపిన కాయలు. ఖాజావలి ఎదురుగా కూలబడి గుప్పిట విప్పాడు.

"రోజూ ఏదో పాడైన సెట్టు తెస్తావు గాని, ఇవాళ గింజ తెచ్చావేందయ్యా?"

ఆయన సంగతంతా చెప్పాడు. ఆమె తొడిమలు తీయడం ఆపకుండా వింది.

"మరి చెప్పావా?"

"ఏమని చెప్పను? మొగుడు చల్లగా రావాలని కట్టిందే మొగుడి నోరు నొక్కిందని చెప్పనా? ఆ పిల్ల తట్టుకోగలదా? కొత్త కనెక్టరు వేసి, గ్రీజు పూసి, రబ్బరు టేపు నాలుగు వరసలు చుడతా. ఇక చుక్క రసం దిగదు. చెప్పే పనే లేదు."

"నీ టేపు బాగానే ఉంది. నిద్రపోయిందన్న మాట మీద ఏ టేపు చుడతావు?"

ఖాజావలి గింజను అరచేతిలో అటూ ఇటూ దొర్లించాడు.

నసీమున్నీసా మండుతున్న చేతులకు గిన్నెలోని నువ్వులనూనె రాసుకుంది. "చేతులు తప్పు చేశాయంటే ఒకరోజు కూర్చుని ఏడుస్తుంది. ఏడ్చి కడుక్కుంటుంది. కళ్ళు మోసం చేశాయని నమ్మిందనుకో, బతుకంతా మిరపకాయలు కొరుక్కుంటూ కూర్చుంటుంది. దాయడమంటే మీ మగవాళ్ళకి అదో పెద్ద దయ. దాచినవాడికి సుఖం, మోసేది ఇంకోరు."

"అయితే ముందు మొగుడికి చెప్తా."

"చెప్పు. ఆ గింజ పారెయ్యకు," అంది ఆమె.

*

ఆదివారం పొద్దున అంకమ్మరావు బోటు దగ్గరే ఉన్నాడు. ఖాజావలికి వైరు పట్టి అందించాడు. షాపు నుంచి తెచ్చిన సెట్టును బోటులో బిగించి, పాత అతుకు కోసేసి, కొత్త కనెక్టరుకు టంకం పోసి, గ్రీజు పూసి, రబ్బరు టేపు సాగదీసి చుట్టాడు ఖాజావలి. నిమ్మగింజ ఆయన చొక్కా జేబులో కాగితంలో ఉంది. ఒడ్డు మీద ఆ మాట ఎత్తబుద్ధి కాలేదు.

"ఇక్కడ పలికితే లాభం లేదు. ఆ రోజు ఇంజను ఆగిన చోటికి పద. అక్కడి నుంచి పిలుద్దాం."

"నువ్వొస్తావా బాబాయ్? ఎప్పుడైనా సముద్రం ఎక్కావా?"

"ముప్ఫై ఎనిమిదేళ్ళుగా దాని ఉప్పు తింటున్నా, ఎక్కకపోతే ఏం?"

ఆ బింకం రెండు కెరటాల దాకే నిలిచింది. మూడోదానికి ఖాజావలి అంచు పట్టుకుని, పొద్దున తిన్న ఇడ్లీలు సముద్రానికి అప్పజెప్పాడు. అంకమ్మరావు చాలారోజుల తర్వాత నవ్వాడు. ఒక చేత్తో ఇంజను పట్టుకుని రెండో చేత్తో ఆయన వీపు రాశాడు.

ఒడ్డు సన్నటి గీతయ్యాక అంకమ్మరావు ఇంజను వేగం తగ్గించి లేచాడు. గొట్టం పైన ఉన్న దిష్టి దండను రెండు చేతులా విప్పి, పడవ ముందు కొసకు నడిచి, అక్కడి కొక్కేనికి కట్టాడు. రోజూ చేసే పనిలా, చూడకుండానే ముడి వేశాడు. వెనక్కి తిరిగాక ఖాజావలి తననే చూస్తున్నాడని గమనించి ఆగిపోయాడు.

ఖాజావలి జేబులోంచి కాగితం తీయబోయి మానుకున్నాడు. చెప్పాల్సిన పని లేదు. కత్తితో గీకిన గీతలు ఎవరివో, బూస్టరు ఎందుకో, బోటు దగ్గరికి రావద్దని ఎందుకన్నాడో అన్నీ ఒకదాని వెంట ఒకటి తెలిసొచ్చాయి.

ఆ చోటికి చేరాక అంకమ్మరావు ఇంజను ఆపేశాడు. ఖాజావలి మీటరు చూసుకున్నాడు. ఇరవై అయిదూ బయటికి పోతోంది, వెనక్కి వచ్చేది దాదాపు లేదు. మైకు నొక్కాడు.

"సామ్రాజ్యం, వినపడుతోందా అమ్మా?"

ఆయన వేలు తీసీ తీయకముందే సెట్టు పలికింది. "ఇనపడతంది బాబాయ్ గారూ! పక్కింట్లో నుంచి మాట్టాడినట్టుంది! మా వరసోళ్ళందరూ ఈడనే కూచుని ఇంటన్నారు." వెనకనుంచి ఆడవాళ్ళ గోల, మధ్యలో పోలమ్మ గొంతు, "ఆడు ఎక్కడుండాడో అడగవే," అంటూ.

"ఆ రోజు ఆగిపోయిన చోటే ఉన్నాం," అని ఖాజావలి మైకు ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆ పైన అంకమ్మరావు వైపు తిరిగాడు. "ఎన్నాళ్ళ నుంచి తెలుసురా నీకు?"

అంకమ్మరావు ఆయన వైపు చూడలేదు. ముందు కొసన ఊగుతున్న నిమ్మకాయలనే చూస్తూ నిలబడ్డాడు. అప్పుడే ఒక కెరటం బోటును ఎత్తి పడేసింది. పడిపోబోయిన ఖాజావలి ఒళ్ళో మైకును గట్టిగా పట్టుకున్నాడు. బొటనవేలు మైకు మీట మీద పడి, సెట్టు మీద ఎర్రదీపం వెలిగింది. ఇక్కడ మాట్లాడే ప్రతి మాటా ఒడ్డుకు పోతుంది.

వేలు తీయబోయాడు.

"లాక్కొచ్చిన బోటోళ్ళు చూపించారు బాబాయ్, ఆ మర్నాడే," అన్నాడు అంకమ్మరావు.

ఖాజావలి వేలు తీయలేదు.

"నిమ్మగింజలు. కత్తితో గీకి టేపు చుట్టా. ఆనాటి నుంచి సముద్రం మీదికి రాగానే ఇప్పి ముందు కడతన్నా, ఒడ్డు కనపడగానే మళ్ళీ పైన కడతన్నా. ముందే కట్టవే అని ఒకసారి చెప్పి చూశా. దిష్టికి ఎవురైనా గుమ్మం పైన కడతారు గాని గడప కాడ కడతారా అంది. ఇంకేం చెప్పను? నీ చేత్తో నువ్వు కట్టిందే నా నోరు నొక్కిందని చెప్పనా? గొంతు పెంచితే ఆ చిలుములో నుంచైనా మాట దూసుకుపోద్దని ఆ పెట్టె తెప్పించా."

"మరి నిద్రపోయిందని అందరూ అంటుంటే?"

అంకమ్మరావు వెనక్కి తిరగకుండా బోటు అంచును గోటితో గీకాడు. ఖాజావలి వేలు అలాగే ఉంచాడు. చేసేది మంచో చెడో ఆయనకు తెలియదు. పదిమందిలో వేసిన నింద పదిమందిలోనే దిగాలి, అంతవరకే తెలుసు.

"అది నిద్రపోలేదు బాబాయ్," అన్నాడు అంకమ్మరావు. "అది నిద్రపోయే మనిషి కాదు. నేనీడ తుమ్మితే ఆడ ఉలిక్కిపడే మనిషి. నాకు తెలుసు. తెలిసే నోరు మూసుకు కూచున్నా. నాలుగు రోజులు అని మర్చిపోతారులే అనుకున్నా. మర్చిపోలా. పెద్దమ్మ కర్రతో పొడుస్తంటే చూడనట్టు బిందె తీసుకుని బయటికి పోయా. అది మిరపకాయ కొరికి కళ్ళనీళ్ళు పెట్టుకుంటంటే కారానికిలే అని నాకు నేనే చెప్పుకున్నా. సిగ్గులేని బతుకైపోయింది నాది."

అతను మొహం తుడుచుకుంటూ తిరిగాడు. ఎర్రదీపం చూశాడు. మైకు మీద ఖాజావలి వేలు చూశాడు.

"బాబాయ్!"

ఖాజావలి వేలు తీశాడు. "నన్ను తిట్టుకో. కొట్టినా సరే. ఆ పిల్ల మాత్రం వినాలిరా," అన్నాడు.

ఎర్రదీపం ఆరింది. సెట్టులో గుర్రుమనే చప్పుడు తప్ప ఏమీ లేదు. బోటు కింద నీళ్ళు తపతపలాడాయి. అంకమ్మరావు సెట్టు ముందు మోకాళ్ళ మీద కూలబడ్డాడు, వినాలో వద్దో తెలియనట్టు.

అప్పుడు ఒడ్డున ఎవరో మైకు నొక్కారు. ఈసారి వెనక ఆడవాళ్ళ గోల లేదు. ఒక ఊపిరి, ఇంకో ఊపిరి.

"నా చేతులు పడిపోను," అంది సామ్రాజ్యం. "ఎంత పని చేశానయ్యా!" ఏడుపు మొదలై, మీట వదిలేయడంతో మధ్యలోనే తెగిపోయింది.

అంకమ్మరావు చెంపలు వేసుకుంటూ కూర్చున్నాడు. ఖాజావలి కళ్ళు మూసుకున్నాడు. నసీమున్నీసా చెప్పింది ఒకరోజు ఏడుపని. అంతకు మించితే ఆ పాపం తన బొటనవేలిదే.

సెట్టు మళ్ళీ పలికింది. గొంతు తడిగా ఉంది గాని, ఏదో వెతుక్కుంటున్నట్టుంది.

"అయితే... ఆ రోజు నేను నిద్రపోలేదు."

అంకమ్మరావు మైకు లాక్కున్నాడు. "లేదే. నిద్రపోలా."

"ఒక్క రెప్ప కూడా వాల్చలేదు గదా?"

"వాల్చలా."

"పెద్దమ్మా, ఇన్నావా?" ఆమె పక్కకు తిరిగి అన్నట్టుంది. పోలమ్మ ఏదో గొణిగింది, మాట తెలియలేదు. విసనకర్ర నేల మీద పడిన చప్పుడు మాత్రం పద్దెనిమిది కిలోమీటర్ల దూరానికి స్పష్టంగా వినపడింది.

"ఆ దండ ముందు కొసనే ఉండనియ్. మళ్ళీ పైన కట్టబాక," అంది సామ్రాజ్యం. కాసేపాగి, పసిపిల్ల అడిగినట్టు అడిగింది. "నాకు నిద్దరొస్తందయ్యా. నువ్వొచ్చేదాకా కాసేపు పడుకోనా? సెట్టు కాడ పెద్దమ్మ కూచుంటదంట."

అంకమ్మరావు మైకు నోటికి ఆనించుకుని, ఇంట్లో మంచం పక్కన ఉన్నట్టే మెల్లగా అన్నాడు.

"పడుకో."

ఇంజను వెంటనే వెయ్యలేదతను. ఖాజావలి చెయ్యి చాపి సెట్టు వాల్యూము కొంచెం తగ్గించాడు.